రెప్పల బరువు

మా వార్డులో గోడ గడియారం ఉంది గానీ దాన్ని ఎవరూ చూడరు. కిటికీల అవతల రోడ్డు, రోడ్డు అవతల రైల్వే స్టేషను. అక్కడి మైకులోంచి మా వదిన గొంతు వస్తుంటుంది. ఏ బండి వస్తోందో, ఏది ఆలస్యమో, ఏ ప్లాట్‌ఫారం మీద నిలబడాలో చెప్పడం ఆమె ఉద్యోగం. ఆ గొంతు వింటూ మా రోగులు కళ్ళు మూసుకుని, ఎక్కడా దిగాల్సిన పనిలేని ప్రయాణాలు చేస్తుంటారు. తుంటి విరిగి మంచానికి అతుక్కుపోయిన ఒక పెద్దాయన అయితే, మధ్యాహ్నం కునుకు పట్టే ముందు, "సిస్టరమ్మా, నా బండి చెప్పారా?" అని అడిగేవాడు. "ఇంకా లేదు, పడుకోండి" అంటే నిజంగానే పడుకునేవాడు. నిద్రమాత్ర అక్కర్లేకపోయేది.

ఆ వార్డులో నేను నర్సుని. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని అందరూ అంటారు. అన్నవాళ్ళకి అక్కడికక్కడే సమాధానం చెప్పి పంపిస్తాను. పెళ్ళి చేసుకోలేదు, అన్నయ్య దగ్గరే ఉంటాను. అన్నయ్యకి కళ్ళజోళ్ళ షాపు. నోట్లో నాలుక లేని మనిషి. వదినేమో ఊరందరికీ వినబడేలా మాట్లాడి, ఇంటికొచ్చాక కూడా ఆపేది కాదు. నన్ను 'సూదమ్మా' అని పిలిచేది. సూదులు వేస్తానని కాదట, నా మాటలు గుచ్చుకుంటాయట.

చలి మొదలయ్యే రోజుల్లో ఆ గొంతులో ఏదో తేడా వచ్చింది. పొద్దున కంచు మోగినట్టు ఉండేది. పొద్దు వాలేసరికి మాటలు మెత్తబడి, ఒకదాని మీద ఒకటి వాలిపోయి, ముక్కులోంచి వచ్చేవి. కిటికీ దగ్గర నిలబడి వింటుంటే, స్టేషను మొత్తం దూరంగా, నీళ్ళ అడుగుకి జారిపోతున్నట్టు ఉండేది. నాకు ఒళ్ళు మండి ఇంటికెళ్ళాక అడిగాను.

"ఆ మైకు బాగుచేయించరేం మీవాళ్ళు? ఒక్క ముక్క అర్థమై చావడం లేదు."

"మైకు కాదే సూదమ్మా, నేనే" అంది వదిన, సోఫాలో వెనక్కి వాలి. "పొద్దున బానే ఉంటాను. సాయంత్రానికి గొంతు పోయి ముక్కులో కూర్చుంటోంది. ఇంకో వింత చెప్పనా? దీపాలు పెట్టే వేళకి మీ అన్నయ్య ఇద్దరు కనిపిస్తున్నారు. ఒక్కడితోనే వేగలేక ఛస్తుంటే!"

"ఇద్దర్లో ఒకరైనా మాట్లాడుతున్నారా?"

"అదే కదా బాధ. ఇద్దరూ మాట్లాడరు."

అన్నయ్య దీన్ని నవ్వులాటగా తీసుకోలేదు. మనిషి ఇద్దరుగా కనబడితే అది అద్దాల తప్పే అని ఆయన నమ్మకం. పొద్దున్నే ఆమెను షాపుకి తీసుకెళ్ళి అక్షరాల బోర్డు ముందు కూర్చోబెట్టేవాడు. చిట్టచివరి వరస కూడా గడగడా చదివేసేది. సాయంత్రం ఇంటికొస్తే మళ్ళీ ఇద్దరు అన్నయ్యలు. ఆయన కళ్ళజోడు మీద కళ్ళజోడు తయారుచేశాడు. అద్దం అరగదీసే చేయి తనది ముసలిదైపోయిందేమోనని వేళ్ళు చూసుకుంటూ కూర్చునేవాడు. రోగాన్ని పొద్దున్న మాత్రమే వెతికితే దొరకదని ఆయనకేం తెలుసు, పాపం.

ఒక సాయంత్రం ముగ్గురం భోజనానికి కూర్చున్నాం. వదిన ముద్ద నోట్లో పెట్టుకుని నమిలి నమిలి, మధ్యలో ఆగిపోయింది. గడ్డం కింద చెయ్యి పెట్టి దవడను పైకి నెట్టి పట్టుకుంది. నేనేదో జోకు వేశాను. ఆమె నవ్వింది. నవ్వబోయింది, అనాలి. పెదవుల చివరలు పైకి వెళ్ళలేదు. పై పెదవి మాత్రం లేచి పళ్ళు కనబడ్డాయి.

"ఏంటి వదినా, నవ్వుతున్నావా, కరుస్తావా?" అన్నాను.

అనేశాక నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. అలాంటి నవ్వు నేను ఒకసారి చూశాను. నర్సు పని నేర్చుకునే రోజుల్లో పెద్ద సిస్టరొకావిడ మమ్మల్ని ఒక మంచం పక్కన నిలబెట్టి, "ఈమె మన మీద కోప్పడటం లేదు, నవ్వుతోంది. ఈ నవ్వు గుర్తుపెట్టుకోండి" అని చెప్పింది.

"వదినా, ఆ ఫ్యాను వైపు చూడు. తల ఎత్తకు, కళ్ళు మాత్రమే ఎత్తు. నేను చెప్పేదాకా దించకు."

"ఫ్యాను తుడవలేదనా?"

"నీ మొహం! చూడు ముందు."

చూసింది. ఫ్యాను మెల్లగా తిరుగుతోంది. వదిన రెప్పలు మెల్లగా దిగుతున్నాయి, ఒకటి ముందు, ఒకటి వెనక. ఆమె దించడం లేదు. అవే దిగుతున్నాయి. ఎవరో పక్కన కూర్చుని జోకొడుతుంటే పసిపిల్ల నిద్రలోకి జారినట్టు, అంత నెమ్మదిగా. అన్నయ్య కంచంలో చెయ్యి పెట్టి అలాగే చూస్తున్నాడు.

నేను లేచి ఫ్రిజ్‌లోంచి ఐసు ముక్క తీసి, రుమాల్లో చుట్టి, ఎక్కువగా వాలిన రెప్ప మీద పెట్టాను. ఐసు కరిగి ఆమె చెంప మీదుగా మెడలోకి కారింది. "చలిగా ఉందే!" అని మూలిగింది గానీ కదల్లేదు. కాసేపటికి రుమాలు తీశాను. ఆ కన్ను పూర్తిగా విచ్చుకుంది. రెండోది మాత్రం అలాగే సగం మూసుకుని ఉంది. సగం మొహం మేలుకుని, సగం మొహం నిద్రపోతోంది.

"మాయ చేశావే సూదమ్మా!" అంది వదిన.

"మాయా లేదు, మంత్రమూ లేదు. చల్లదనానికి అలిసిన కండ కాసేపు తేరుకుంది. రేపు పొద్దున్నే నాతో ఆస్పత్రికి వస్తున్నావు."

"రేపు డ్యూటీ ఉందే."

"డ్యూటీ లేదు, గాడిదగుడ్డూ లేదు!"

అన్నయ్య అప్పుడు నోరు విప్పాడు. "అయితే... తప్పు నా అద్దాలది కాదా?" అన్నాడు. ఎంత దీనంగా అన్నాడంటే, నాక్కూడా కోపం రాలేదు.

డాక్టరమ్మ నెమ్మదస్తురాలు. నేను చెప్పిందంతా విని, తనూ చూసి, రక్తం పరీక్షకి పంపి, నరాల పరీక్ష, ఛాతీ స్కాను చేయించింది. ఫలితాలు వచ్చాక ముగ్గురినీ కూర్చోబెట్టి, "దీన్ని మయస్థీనియా గ్రావిస్ అంటారు" అంది. "నరం చెబుతుంది, కండ అందుకోదు. ఆ మాట అందుకునే చోటును మీ రక్తంలోని కాపలా సైన్యమే పొరపాటుపడి పాడుచేస్తోంది. వాడిన కొద్దీ అలుపు, విశ్రాంతి తీసుకుంటే కాస్త మెరుగు."

"అంటే నేను బండి వస్తోందని చెబుతాను. ప్లాట్‌ఫారం మీద ఎవరికీ వినబడదు. అంతేనా మేడమ్?"

"అంతే. ఇంత బాగా నేనూ చెప్పలేను" అంది డాక్టరమ్మ. తర్వాత నవ్వు ఆపేసింది. "మాత్రలు ఇస్తాను, బలం వస్తుంది. దాంతోపాటు ఆ సైన్యాన్ని అణచే ఇంకో మందు మొదలుపెట్టాలి. అది మొదట్లో ఉన్న బలాన్ని కూడా కాస్త తగ్గించవచ్చు. అందుకే వార్డులో పెట్టుకుని చూస్తాను. రెప్పల గురించి నాకు బెంగ లేదు. ఊపిరి పీల్చేది కూడా కండే. నా భయమంతా దాని గురించే."

బయటికి వస్తుంటే వదిన నా చెయ్యి పట్టుకుంది. "ఊపిరి సంగతి సరేగానీ, నా గొంతు పోతే నేనేం మిగులుతానే?"

"మేం మిగులుతాం. చాలదా?" అని కసిరాను.

అలా వదిన మా వార్డుకే వచ్చింది, కిటికీ పక్క మంచానికి. ఆమె కోసం వార్డు పద్ధతిని తలకిందులు చేశాను. మా దగ్గర అందరికీ భోజనాలయ్యాక మాత్రల బండి వస్తుంది. ఈమెకి ఆ వరస పనికిరాదు. మాత్ర ముందు పడి, అది పని మొదలుపెట్టాక ముద్ద నోట్లోకి వెళ్ళాలి, లేకపోతే నమలలేదు, మింగలేదు, పొలమారుతుంది. మాత్ర వేళ తప్పితే ఒప్పుకోనని మా చిన్న సిస్టరుకి తల వాచేలా చెప్పాను. కొత్తగా చేరిన పిల్ల, పాపం, గోడ గడియారం వైపు చూడటం మొదలుపెట్టిన మొదటి మనిషి ఆ అమ్మాయే. స్నానం, తల దువ్వడం అంతా బలం ఉన్న పొద్దుటి పూటే. తినేటప్పుడు నిటారుగా కూర్చోవాలి, చిన్న ముద్దలు, మధ్యమధ్య విశ్రాంతి.

అన్నీ సక్రమంగా సాగాయి, స్టేషను వాళ్ళు వచ్చేదాకా. టికెట్లిచ్చే ఆవిడ వచ్చింది. సామాన్లు మోసే మేస్త్రి వచ్చాడు. పేపర్లమ్మే ఆయన వచ్చాడు. అందరికీ ఒకటే కోరిక, ఆ గొంతు వినాలి. వదిన అందరితో మాట్లాడింది, అందరి పిల్లల పేర్లూ అడిగింది, ఎవరెవరికి బండి తప్పిపోయిందో చెప్పించుకుంది. వాళ్ళు వెళ్ళాక నీళ్ళు తాగబోతే ఆ నీళ్ళు ముక్కులోంచి వచ్చాయి.

నాకు కళ్ళు తిరిగేంత కోపం వచ్చింది. మర్నాడు వచ్చినవాళ్ళకి గుమ్మంలోనే గడ్డి పెట్టి పంపించాను. మంచానికి 'మాట్లాడించవద్దు' అని అట్ట మీద రాసి కట్టాను.

"నువ్వు కూడా నోరు మూసుకో వదినా. ఏం కావాలన్నా చేత్తో చెప్పు. మాటకయ్యే బలం మింగడానికి దాచుకో."

ఆమె మూతి ముడవబోయింది. అదీ కుదరలేదు. తలవంచి ఒప్పుకుంది.

ఆ మౌనం ఎంత బాగా కుదిరిందంటే, వార్డంతా దానికి మురిసిపోయింది. చిన్న సిస్టర్ ఆ మంచం దగ్గరికి వెళితే మునివేళ్ళ మీద నడిచేది. వదిన ఒక వేలెత్తితే నీళ్ళు, అరచెయ్యి చూపిస్తే దిండు. కొత్త మందు మొదలైంది. వేలికి తగిలించిన ఆక్సిజన్ మిషను అంకె నిక్షేపంగా ఉంది. ఇంత బుద్ధిమంతురాలైన రోగి ఇంకొకరు లేరని అందరం అనుకున్నాం.

ఆ మధ్యాహ్నం వార్డులో ఎండ పలచగా పరుచుకుంది. తెరలు ఉబ్బుతున్నాయి, తగ్గుతున్నాయి. అందరూ కునుకు తీస్తున్నారు. స్టేషనులో వదిన బదులు పెట్టిన మనిషెవరో బొంగురుగా బండి చెబుతున్నాడు. ఆ ఎండలో, ఆ గాలిలో, నాక్కూడా నిలబడే నిద్ర వస్తున్నట్టుంది. తుంటి విరిగిన పెద్దాయన కళ్ళు తెరవకుండానే అడిగాడు.

"మన అమ్మాయి గొంతేది సిస్టరమ్మా?"

"ఇక్కడే ఉంది కదండీ, మీ ఎదురు మంచం."

"మంచం ఉంది. గొంతేది?"

నిజమే. ఆ గొంతు నేను ఆఖరిసారి ఎప్పుడు విన్నాను? నిద్ర ఎగిరిపోయింది. గబగబా వెళ్ళి తెర తీశాను.

వదిన ప్రశాంతంగా పడుకుని ఉంది. మిషను అంకెలో ఏ మార్పూ లేదు. కానీ తల దిండు మీద నిలబడకుండా పక్కకి జారిపోయి ఉంది. పెదవి చివర దిండు తడిసింది, ఉమ్ము మింగలేకపోతోంది. ఛాతీ పైపైన ఆడుతోంది, ఊపిరి లోపలికి దిగడం లేదు. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను.

"వదినా, ఒక బండి చెప్పు. ఒక్క గుక్కలో చెప్పు."

దారిలోని ఊళ్ళన్నీ ఒక్క గుక్కలో చెప్పి, చివర్లో దయచేసి గమనించండి అని కూడా అనగల మనిషి ఆమె.

"ప్రయాణి..." అంది. ఆగింది. ఊపిరి తీసుకుంది. "...కులకు" అంది. ఇంక రాలేదు.

మాట్లాడకుండా బలం దాచుకోమన్నాను. బలం అయిపోతోందని మాకు చెప్పేది ఆ మాట ఒక్కటే. దాన్నే మూసిపెట్టాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది. ఏడవడానికి వ్యవధి లేదు. ఆమెను నిటారుగా లేపి, నోట్లోని ఉమ్ము తీసేసి, చిన్న సిస్టర్ని డాక్టరమ్మ కోసం పరిగెత్తించాను.

డాక్టరమ్మ వచ్చి ఊపిరి బలం కొలిచే గొట్టంలోకి ఊదించి చూసింది. మొన్న ఊదిన దాంట్లో సగం కూడా లేదు.

"ఆక్సిజన్ అంకె పడేదాకా ఆగితే ఆలస్యమైపోతుంది సిస్టర్. ఇప్పుడే ఐసీయూకి మార్చి, గొంతులోకి గొట్టం వేసి, ఊపిరి మిషను మీద పెడదాం. మంచి సమయానికి పిలిచారు."

గొంతులోకి గొట్టం అనగానే వదిన వేళ్ళు నా మణికట్టు మీద బిగిశాయి. బిగిశాయంటే, ఆనాయి. "గొం... తు" అంది.

నేను ఆమె చెవి దగ్గరికి వంగాను. "గొట్టం తీశాక కొన్నాళ్ళు బొంగురుపోతుంది. ఆ తర్వాత ఎలా ఉంటుందో నేను ప్రమాణం చేసి చెప్పలేను. కానీ ఊపిరి పోతే నేనేం చెయ్యను వదినా? ఇంటికి ఎవరి కోసం రాను? నాకు నువ్వు కావాలి. గొంతు సంగతి తర్వాత తిట్టుకుందాం."

ఆమె వేళ్ళు నా మణికట్టును వదిలేశాయి. అదే ఒప్పుకోలు.

ఐసీయూలో వదిన మూసిన కళ్ళతో పడుకుంది. ఆమె రక్తాన్ని ఒక మిషనులోకి పంపి, అందులోని పసుపు నీటిని, దాంతోపాటు ఆ దారితప్పిన సైన్యాన్ని తీసేసి, కొత్త ద్రవం కలిపి తిరిగి ఎక్కిస్తున్నారు. ఒక్కసారితో అయ్యేది కాదు, రోజు విడిచి రోజు చెయ్యాలి. "ముందు రెప్పల్లోనో మెడలోనో చిన్న కదలిక వస్తుంది. అది వస్తే ఊపిరి కూడా దారిలో పడుతోందని ఆశ పెట్టుకోవచ్చు" అంది డాక్టరమ్మ. నేను డ్యూటీ దిగగానే అక్కడికి వెళ్ళేదాన్ని. ఉన్నదంతా తెల్లటి వెలుగు, మిషను ఊపిరి చప్పుడు. అందులో కూర్చుంటే పొద్దు ఎటు నడుస్తోందో తెలిసేది కాదు.

గొట్టం వేసిన మర్నాడు అన్నయ్యను లోపలికి రానిచ్చారు. గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. గొట్టాలు చూశాడు, మూసిన రెప్పలు చూశాడు, ఏ భావమూ లేని ఆ మొహం చూశాడు. దగ్గరికొచ్చి ఆమె పాదం మీద చెయ్యి వేశాడు.

"నిద్రపోతోంది కదా" అన్నాడు. "పోనీలే. ఏమీ తెలియకపోవడమే మంచిది. ఒకవేళ అలా జరిగితే... ఇలాగే, నిద్రలోనే..."

"నోరు ముయ్యి!" అన్నాను.

పుట్టి బుద్ధెరిగాక అన్నయ్యను ఆ మాట అనలేదు. ఆయన బిత్తరపోయాడు. నేను చేతులు శుభ్రం చేసుకుని, వదిన తల దగ్గర నిలబడి, రెండు బొటనవేళ్ళతో ఆమె రెప్పలు నెమ్మదిగా పైకెత్తాను.

"ఇటు రా. ఇక్కడికి వంగి చూడు."

ఒక కన్ను పక్కకి జారిపోయి ఎటో ఉంది. రెండోది నేరుగా అన్నయ్య మొహంలోకి చూస్తోంది. దాని నిండా నీళ్ళు.

"మత్తు మందు పొద్దున్నే తగ్గించారు. తనకి అంతా వినబడుతోంది. రెప్పలు ఎత్తుకునే బలం లేక కళ్ళు మూసుకుంది, అంతే. నవ్వలేదు, ఏడుపు మొహం పెట్టలేదు, నోరు ముయ్యవయ్యా అనలేదు. అందుకే తన తరఫున నేనన్నాను."

అన్నయ్య మంచం కడ్డీ పట్టుకున్నాడు. తర్వాత మాట్లాడటం మొదలుపెట్టాడు, నోట్లో నాలుక లేని మనిషి! ఇల్లు చప్పుడు లేకుండా ఉందన్నాడు. పాలు పొంగి పొయ్యి ఆరిపోయిందన్నాడు. షాపుకి ఎవరో కళ్ళజోడు మీద కూర్చుని విరగ్గొట్టుకుని వచ్చారన్నాడు. చివరికి, "నేను ఇద్దరు కనిపిస్తున్నానా?" అని అడిగాడు. "అవునైతే వేలు కదుపు."

దుప్పటి మీద చూపుడువేలు కదిలింది.

"అయితే ఇద్దరం అడుగుతున్నాం. రావే" అన్నాడు, ఏడుస్తూ.

ఆ రోజు నుంచి రెప్పలెత్తే పని ఆయనది. రెప్పలు ఎక్కువసేపు తెరిచి ఉంచితే కళ్ళు ఆరిపోతాయని నేను చుక్కలు వేసేదాన్ని. పలచటి అద్దాలు పట్టుకునే ఆ వేళ్ళు నావి కన్నా తేలిక. తెరిచిన కాసేపూ ఏదో ఒకటి చూపించేవాడు. తన మొహం, కిటికీ బయటి మబ్బు, నా కోపం మొహం. తర్వాత రెప్పలు దించి, "ఇప్పుడు పడుకో, ఇక్కడే ఉన్నాను" అనేవాడు. నిన్న ఎంత బరువుగా ఉన్నాయో ఈరోజూ అంతే ఉన్నాయని నాకు మాత్రం గుమ్మం అవతల చెప్పేవాడు. నేనేం చెప్పను? రక్తం కడగడం అయిందంటే అయింది, కండకి మాట ఎప్పుడు చేరుతుందో ఎవరూ చెప్పలేరు. నాకూ భయంగానే ఉండేది. పళ్ళు కొరుక్కుని చుక్కలు వేసేదాన్ని.

ఒక పొద్దున్న మేం వెళ్ళేసరికి గదిలోకి లేత ఎండ వచ్చి, దుప్పటి మీద పడి ఉంది. మిషను తన చప్పుడు తాను చేస్తోంది. అన్నయ్య చేతులు కడుక్కుని, తుడుచుకుని, మంచం మీదికి వంగాడు. నేను వెనక్కి తిరిగి కంటి చుక్కల సీసా మూత తీస్తున్నాను.

"చెల్లీ" అన్నాడు, ఊపిరి బిగబట్టి.

"ఏంటి? గట్టిగా నొక్కావా?"

తిరిగి చూశాను. ఆయన వేళ్ళు ఇంకా గాల్లోనే ఉన్నాయి. వాటి కింద వదిన కళ్ళు సగం తెరుచుకుని, రెండూ ఆయన్నే చూస్తున్నాయి.

"నేనింకా ముట్టుకోలేదు" అన్నాడు.